నీళ్లు తేటగానే ఉన్నాయి కదా!

"నీళ్లు అద్దంలా ఉన్నాయండీ. మొన్న ఆదివారమే ట్యాంకు ఖాళీ చేసి, రాళ్లతో సహా తోమి, కొత్త నీళ్లు పట్టాం. మూడో రోజుకల్లా కప్ప చచ్చి తేలింది. ఏమై ఉంటుంది?"

నీటి కప్పల్ని పెంచేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. దుకాణదారు దీనికి జవాబుగా ఏదో ఒక మందు సీసా చేతిలో పెడతాడు. జబ్బు పడింది కప్ప కాదు, నీళ్లని చెప్పేవాళ్లు తక్కువ. నీళ్లు తేటగా ఉండటానికీ, అవి మంచివి కావడానికీ సంబంధం చాలా స్వల్పం. కప్పను చంపే అమ్మోనియా, నైట్రైట్, క్లోరిన్, రాగి అన్నీ నీళ్లలో పూర్తిగా కరిగిపోయేవే. చంపడానికి చాలినంత ఉన్నా కంటికి కనిపించవు. ఇంకో చిత్రం ఏమిటంటే, అప్పుడే శుభ్రంగా తోమిన ట్యాంకు ఒక్కోసారి పాచి పట్టిన ట్యాంకు కన్నా ప్రమాదం. ఎందుకో తెలియాలంటే ముందు ఈ కప్పల గురించి కొంత తెలియాలి.

ఒడ్డెక్కని కప్పలు

తొలకరి పడగానే పొలాల్లో బెకబెకలాడే మన కప్పలకు నీళ్లెంత అవసరమో గట్టూ అంతే అవసరం. ఇక్కడ మాట్లాడుతున్నది వాటి గురించి కాదు. అక్వేరియం దుకాణాల్లో అమ్మేవి ఆఫ్రికా కప్పలు, పైపిడే అనే కుటుంబానివి. తోకకప్ప దశ దాటి కాళ్లు వచ్చాక కూడా ఇవి నీళ్లు వదలవు. తినడం, నిద్రపోవడం, జతకట్టడం, గుడ్లు పెట్టడం అన్నీ అందులోనే. నాలుక లేదు కాబట్టి ఎగిరే ఈగను చటుక్కున అందుకోవడం వీటికి చేతకాదు. నోరు తెరిచి, నీళ్లతో పాటు మేతను లోపలికి లాక్కుంటాయి. ఊపిరి మాత్రం పైకొచ్చి గాలి గుటక వేసి పీల్చుకోవాల్సిందే.

వీటిలో రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. మొదటిది హైమెనోకైరస్ జాతి మరుగుజ్జు కప్ప. పశ్చిమ, మధ్య ఆఫ్రికా అడవుల్లో నీడపట్టు గుంటల్లో, మెల్లగా పారే వాగుల్లో ఉంటుంది. మూడు నాలుగు సెంటీమీటర్లకు మించదు, అయిదేళ్ల దాకా బతుకుతుంది. రెండోది జెనోపస్ లేవిస్, గోళ్ల కప్ప. దక్షిణాఫ్రికా దీని సొంత ఊరు. ఆడది 10 నుంచి 12 సెంటీమీటర్లు పెరుగుతుంది, 15 ఏళ్లకు పైగా బతుకుతుంది. పిల్లలుగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి. కొనేటప్పుడు ముందుకాళ్లు చూడాలి. వేళ్ల మధ్య పలచని పొర ఉంటే మరుగుజ్జు, వేళ్లు విడివిడిగా ఉంటే గోళ్ల కప్ప. ఈ తేడా చూసుకోకుండా రెండింటినీ ఒకే తొట్టిలో వేస్తే కొన్ని నెలలకు పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది.

గోళ్ల కప్ప అక్వేరియానికి వచ్చిన దారి ఆసుపత్రి మీదుగా సాగింది. 1920ల చివర్లో కేప్‌టౌన్‌లో పనిచేసిన లాన్సెలాట్ హాగ్‌బెన్, పిట్యూటరీ గ్రంథి నుంచి తీసిన రసం ఎక్కిస్తే ఈ కప్ప గుడ్లు పెడుతుందని గమనించాడు. గర్భిణి మూత్రంలో ఉండే హార్మోన్ కూడా అదే పని చేస్తుందని తర్వాత తేలింది. దాంతో 1930ల నుంచి 1960ల దాకా లోకమంతా ఆసుపత్రులు గర్భ నిర్ధారణకు ఈ కప్పల్ని వేల సంఖ్యలో తెప్పించుకున్నాయి. మూత్రం ఎక్కించి ఒక రాత్రి ఉంచితే చాలు, గుడ్లు కనిపిస్తే గర్భం ఉన్నట్టే. (సామాన్యుడి కోసం లెక్కల పుస్తకం రాసి పేరు తెచ్చుకున్న హాగ్‌బెన్ ఈయనే. జనవిజ్ఞానం రాసేవాళ్లందరికీ ఒక రకంగా పెద్దన్న.) తర్వాత బ్రిటన్‌లో జాన్ గర్డన్ ఈ కప్ప కణాలతోనే క్లోనింగ్ సాధించి 2012లో నోబెల్ అందుకున్నాడు. ప్రయోగశాలల్లో ఇన్ని దశాబ్దాలుగా పెంచారు కాబట్టే ఈ కప్పకు ఏ నీళ్లు పడతాయో, ఏవి పడవో మనకు బాగా తెలుసు.

చర్మంతో తాగే జీవి

కప్ప నోటితో నీళ్లు తాగదు. ఆ పని చర్మం చేస్తుంది. చేప ఒంటికి పొలుసులుంటాయి, బల్లికి గట్టి తోలు ఉంటుంది. కప్ప చర్మం మాత్రం పలచన, తడి, దాని కిందే రక్తనాళాల వల. నీళ్లు, లవణాలు, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ అన్నీ అందులోంచి వస్తూ పోతూ ఉంటాయి.

కప్ప రక్తంలో ఉప్పు శాతం బయటి మంచినీళ్లలో కన్నా చాలా ఎక్కువ. ఉప్పు తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకి పలచని పొరల గుండా నీరు తనంతట తానే వెళ్తుంది. స్కూల్లో దీన్నే ద్రవాభిసరణ, ఆస్మాసిస్ అని చదువుకుంటాం. అంటే నీళ్లలో ఉన్నంతసేపూ కప్ప ఒంట్లోకి నీరు ఊరుతూనే ఉంటుంది. మూత్రపిండాలు ఎడతెరిపి లేకుండా పనిచేసి, దాదాపు మంచినీళ్లంత పలచని మూత్రంగా దాన్ని బయటికి పంపాలి. ఆ మూత్రంతో పాటు కాస్త కాస్త ఉప్పూ పోతుంది. మరి ఆ నష్టం పూడేదెలా?

మళ్లీ చర్మమే. చుట్టూ ఉన్న నీళ్లలో ఉప్పు ఎంత తక్కువున్నా కప్ప చర్మం దాన్ని ఏరి లోపలికి లాక్కోగలదని డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్ 1930ల్లో చూపించాడు. 1951లో ఆయన దేశస్థుడే హాన్స్ ఉసింగ్ ఒక కప్ప చర్మపు ముక్కను రెండు చిన్న గదుల మధ్య బిగించి, అది సోడియంను ఒకవైపు నుంచి రెండోవైపుకి తోడిపోయడాన్ని విద్యుత్తుగా కొలిచాడు. ఉసింగ్ చాంబర్ అనే ఆ పరికరాన్ని మనిషి పేగుల పొరల మీద ప్రయోగాలకు నేటికీ వాడుతున్నారు.

ఈ తోడిపోత ఆగితే ఏమవుతుందో 2009లో స్పష్టంగా తెలిసింది. కైట్రిడ్ అనే బూజు సోకి ప్రపంచంలో ఎన్నో చోట్ల కప్పలు తుడిచిపెట్టుకుపోతున్నాయి. ఆ బూజు చర్మం పైపొరను దాటి లోపలికి పోదు. పైపైన ఉండే బూజు ప్రాణమెలా తీస్తుంది? జేమీ వాయిల్స్, ఆమె సహచరులు ఆస్ట్రేలియా ఆకుపచ్చ చెట్టుకప్పల్ని పరీక్షిస్తే, బూజు పట్టిన చర్మం లవణాల్ని లాక్కోలేకపోతున్నదని తేలింది. రక్తంలో సోడియం, పొటాషియం పడిపోయి చివరికి గుండె ఆగిపోతున్నది.

ట్యాంకులో కప్ప ఒళ్లు ఉబ్బి బూరెలా అయితే, నీటిని బయటికి తోసే ఏర్పాట్లలో ఎక్కడో ఏదో చెడిందన్నమాట. దానికి కారణాలు చాలా ఉంటాయి. అందులో మన చేతిలో ఉన్నది నీళ్లొక్కటే.

చిటికెడు మేత చేసే పని

తిన్న మాంసకృత్తుల్లో శరీరానికి అక్కర్లేని నత్రజనిని ప్రతి జీవీ ఏదో ఒక రూపంలో వదిలించుకోవాలి. మనం దాన్ని యూరియాగా మార్చి మూత్రంలో పంపుతాం. అందుకు కొంత శక్తి ఖర్చవుతుంది. నీళ్లలోనే ఉండే గోళ్ల కప్పకు ఆ ఖర్చు దేనికి? చాలావరకు అమ్మోనియాగానే వదిలేస్తుంది, ఏరు దాన్ని మోసుకుపోతుంది. గుంట ఎండిపోయి బురదలో దాక్కోవాల్సి వస్తే మాత్రం అదే కప్ప యూరియా దారి పడుతుంది. అమ్మోనియా ఎంత చెడ్డదో కప్ప ఒంటికి మనకన్నా బాగా తెలుసు. ట్యాంకులో కష్టం ఏమిటంటే అది ఏరూ కాదు, ఎండిన గుంటా కాదు. అమ్మోనియా అక్కడే ఉండిపోతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. మాంసకృత్తుల బరువులో సుమారు 16 శాతం నత్రజని. నూటికి నలభై పాళ్లు మాంసకృత్తులున్న గుళికల మేత రెండున్నర గ్రాములు తీసుకుంటే అందులో నత్రజని 160 మిల్లీగ్రాములు. ఆ మేత ఎవరూ తినక 20 లీటర్ల తొట్టిలో పూర్తిగా కుళ్లితే లీటరుకు 8 మిల్లీగ్రాముల నత్రజని అమ్మోనియాగా చేరుతుంది. కప్ప ఉన్న నీళ్లలో ఉండవలసినది సున్నా. ఒక చెంచా మేతకే ఈ గతి. "పాపం ఆకలిగా చూస్తోంది" అని పూటకోసారి మేత జల్లే చేయి ఎంత పని చేస్తుందో ఊహించుకోవచ్చు. ఎదిగిన గోళ్ల కప్పకు వారానికి రెండు మూడుసార్లు పెడితే చాలు. మిగిలిన మేతను కాసేపట్లో తీసెయ్యాలి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. అమ్మోనియా నీళ్లలో రెండు వేషాల్లో ఉంటుంది. ఒకటి విద్యుదావేశం ఉన్న అమ్మోనియం. ఇది చర్మం గుండా సులువుగా దూరలేదు కాబట్టి హాని తక్కువ. రెండోది ఆవేశం లేని అసలు అమ్మోనియా. విషం ఇదే. ఏది ఎంత ఉంటుందో తేల్చేది నీటి పీహెచ్, అంటే ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలత. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉన్న నీళ్లలో విషరూపం రెండువందల పాళ్లలో ఒకటి మాత్రమే. పీహెచ్ 8 అయితే ఇరవైలో ఒక పాలు. 9 అయితే మూడో వంతు పైనే. అమ్మోనియాను కొలిచే టెస్ట్ కిట్ సీసాలో తేలిన ఆకుపచ్చ రంగు ఒకటే అయినా, ఒక ఇంట్లో కప్ప హాయిగా ఉంటుంది, పక్కింట్లో చచ్చిపోతుంది. కిట్ రెండు వేషాల్నీ కలిపి లెక్క చెబుతుంది మరి.

భీమవరం వైపు రొయ్యల రైతుకు ఈ మాటలేవీ కొత్త కాదు. చెరువులో నాచు ఎండ తగిలి కార్బన్ డయాక్సైడ్‌ను వాడేస్తుంటే మధ్యాహ్నానికి పీహెచ్ పైకి పాకుతుందనీ, అమ్మోనియా కాటు అప్పుడే ఎక్కువనీ అతనికి అనుభవంతో తెలుసు. ఎకరాల చెరువుకు అంత జాగ్రత్త పడుతున్నప్పుడు, ఇరవై లీటర్ల తొట్టికి ఇంకా ఎక్కువ పడాలి. నీళ్లు తక్కువైన కొద్దీ తప్పు త్వరగా ముదురుతుంది. బల్ల మీద పెట్టుకునే గుప్పెడంత గాజు డబ్బాలో రెండు మరుగుజ్జు కప్పల్ని పెట్టి బహుమతిగా అమ్మే అలవాటు ఈ కారణంగానే నాకు నచ్చదు. చూడముచ్చటగా ఉంటుంది నిజమే. అందులోని జీవికి మాత్రం తన మలమూత్రాల నుంచి తప్పించుకునే చోటు లేదు.

తోడు

మరి ఏళ్ల తరబడి నడిచే ట్యాంకుల్లో అమ్మోనియా ఏమవుతోంది? బ్యాక్టీరియా తినేస్తోంది. 1890లో జ్యూరిక్‌లో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ వీటిని మొదటిసారి విడదీశాడు. చక్కెరా, మాంసమూ ఏమీ అక్కర్లేకుండా, అమ్మోనియాను ఆక్సిజన్‌తో మండించుకుని బతికే విచిత్ర జీవులివి. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. రెండు పనులూ ఒక్కటే చేసుకునే బ్యాక్టీరియా కూడా ఉన్నదని 2015లో తేలింది. అలాంటిది దొరికిన చోట్లలో ఒకటి, నెదర్లాండ్స్ పరిశోధకులు పరీక్షించిన చేపల తొట్టి ఫిల్టరే.

మధ్యలో వచ్చే నైట్రైట్ కూడా తక్కువది కాదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మార్చి రక్తాన్ని గోధుమ రంగుకు తిప్పుతుంది. చివరి మజిలీ అయిన నైట్రేట్ వీటిలోకెల్లా సాధువు. కొంత పేరుకున్నా కప్ప ఓర్చుకుంటుంది. దాన్ని తీసెయ్యడానికే వారం వారం నాలుగో వంతు నీళ్లు మార్చడం.

ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండదు. ఫిల్టర్ స్పాంజికి, రాళ్లకు, గాజుకు అంటుకుని పలచటి జిగురు పొరగా ఉంటుంది. కొత్త తొట్టిలో అది ఉండదు. కాచి చల్లార్చిన పాలు ఎంత చిక్కనివైనా తోడు వెయ్యకపోతే పెరుగు కావు. ట్యాంకు కూడా అంతే. కడిగిన గిన్నె, మంచి పాలు ఉన్నాయి, తోడు లేదు. ఎక్కడి నుంచో తనంతట తాను చేరేదాకా ఆగాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మామూలు బ్యాక్టీరియా కొన్ని అరగంటకో రెట్టింపు అవుతుంటే, వీటికి రెట్టింపు కావడానికి చాలా గంటలు, ఒక్కోసారి రోజు పైన పడుతుంది. పెరుగు గిన్నె అడుగున కాస్త మిగుల్చుకున్నట్టు, ఆరోగ్యంగా నడుస్తున్న పాత ట్యాంకులోని స్పాంజి ముక్కను కొత్త ఫిల్టర్లో పెడితే ఈ నిరీక్షణ బాగా తగ్గుతుంది. పులిసిపోయిన పెరుగు తోడేస్తే కొత్త పెరుగూ పులుస్తుంది కదా! జబ్బు కప్పలున్న ట్యాంకు స్పాంజి తెచ్చుకుంటే జబ్బూ వెంట వస్తుంది.

తోడు దొరకనివాళ్లు కప్పను తేకముందే ఖాళీ ట్యాంకు నడపాలి. ఫిల్టర్ పెట్టి, రోజూ కొద్దిగా మేత వేసి కుళ్లనివ్వాలి. టెస్ట్ కిట్‌తో చూస్తూ ఉంటే మొదట అమ్మోనియా పెరిగి తగ్గుతుంది. వెనకే నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. రెండూ సున్నాకు దిగి, నైట్రేట్ కనబడిన రోజున ట్యాంకు సిద్ధమైనట్టు. దుకాణానికి వెళ్లేది అప్పుడు. మన దగ్గర ఈ వరస తలకిందులు: కప్ప, ట్యాంకు, ఫిల్టర్ ఒకే సాయంత్రం ఇంటికొస్తాయి.

మొదట్లో చచ్చిన కప్ప కథ ఇప్పుడు విప్పవచ్చు. ఆదివారం నాడు ట్యాంకు ఖాళీ చేసి, రాళ్లు తోమి, స్పాంజిని కుళాయి కింద పిండి కడిగినప్పుడు జిడ్డుతో పాటు తోడంతా మోరీలో పోయింది. మిగిలిన కాస్తనీ కుళాయి నీళ్లలోని క్లోరిన్ చంపేసింది. సోమవారం కప్ప మామూలుగానే తిన్నది, విసర్జించింది. తినే బ్యాక్టీరియా లేక అమ్మోనియా పేరుకుంది. నీళ్లు తేటగానే ఉన్నాయి. స్పాంజిని కడగొద్దని కాదు. నీళ్లు మార్చేటప్పుడు తీసిన ట్యాంకు నీళ్లలోనే బకెట్లో రెండుసార్లు పిండితే సరిపోతుంది.

ఎయిర్ పంపు విషయంలోనూ ఒక పొరపాటు ఊహ ఉంది. కప్ప పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, దానికి బుడగలెందుకని పంపు తీసేస్తుంటారు. బుడగలు ముఖ్యంగా బ్యాక్టీరియా కోసం. ఆక్సిజన్ లేకపోతే అది అమ్మోనియాను తినలేదు. కరెంటు గంటల తరబడి పోయే ఊళ్లలో బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి పక్కన ఉండటం మంచిది. ఇంకో మాట: ఎయిర్ పంపు గదిలో ఏ గాలి ఉంటే ఆ గాలినే నీళ్లలోకి తోస్తుంది. దోమల మందుల్లో వాడే పైరెత్రాయిడ్ రసాయనాలు నీటి జీవులకు బాగా చేటు చేస్తాయి. రాత్రంతా దోమల మందు వెలిగే పడకగదిలో ట్యాంకు పెట్టకపోవడమే ఉత్తమం.

కుళాయి, బోరు, బిందె

మున్సిపల్ నీళ్లలో క్రిములు చావాలనే క్లోరిన్ కలుపుతారు. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం ఇంటికి చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మన నోటికి అది ఓ చిన్న వాసన మాత్రమే. చర్మంతో తాగే జీవికి మంట. బకెట్లో పట్టి, ఎయిర్ రాయి వేసి ఒక రోజు ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది. తొందరైతే అక్వేరియం దుకాణాల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే సోడియం థయోసల్ఫేట్ వాడొచ్చు. అమెరికాలో ఉండే తెలుగువాళ్లు మాత్రం రోజంతా నిలవ ఉంచాం కదా అని ధీమాగా ఉండకూడదు. డాలస్ వంటి నగరాల్లో క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ వాడతారు. అది అంత తేలిగ్గా ఎగిరిపోదు. థయోసల్ఫేట్ దాన్ని విరిచినా లోపలున్న అమ్మోనియా బయటపడుతుంది. దాన్ని కూడా పట్టి ఉంచే మందు విడిగా దొరుకుతుంది.

బోరు నీళ్లలో క్లోరిన్ బాధ లేదు. గట్టిదనం, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. గోళ్ల కప్పకు ఒక మోస్తరు గట్టి నీళ్లు మేలే. అయితే భూమి లోపల ఒత్తిడిలో ఉన్న నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరిగి ఉంటుంది. పైకి తోడాక అది మెల్లగా ఎగిరిపోతూ పీహెచ్ పెరుగుతుంది. పంపు దగ్గర 7 చూపిన నీళ్లు మర్నాటికి 8 చూపవచ్చు. అంటే అమ్మోనియా కాటు పది రెట్లు. కొలిచేదేదో ఒక రాత్రి నిలవ ఉంచాక కొలవాలి. మన ప్రాంతంలో ఎరువుల వల్ల, మురుగు ఇంకడం వల్ల కొన్ని బోర్లలో నైట్రేట్ ముందే ఎక్కువగా ఉంటుంది. అలాంటి నీళ్లు ఎన్నిసార్లు మార్చినా నైట్రేట్ తగ్గదు. ట్యాంకు కన్నా ముందు బోరును పరీక్షించడం తెలివైన పని.

ఇక ఆర్‌ఓ నీళ్లు. "మేం తాగే మినరల్ వాటరే పోస్తున్నాం" అని గర్వంగా చెప్పేవాళ్లున్నారు. ఆర్‌ఓ యంత్రం చెడుతో పాటు లవణాల్నీ వడగట్టేస్తుంది. ఉసింగ్ కొలిచిన ఆ చర్మం బయటి నీళ్లలోంచి సోడియం ఏరుకోవాలి కదా, అక్కడ ఏరుకోవడానికి ఏముంది? పైగా కాల్షియం, బైకార్బనేట్ లేని నీళ్లలో పీహెచ్ నిలకడగా ఉండదు. బ్యాక్టీరియా పని చేసే కొద్దీ కిందికి జారిపోతుంది. అతి గట్టి బోరు నీళ్లలో కొంత కలిపి పలచన చెయ్యడానికి, ఎండకు ఆవిరైన మేరకు నింపడానికి ఆర్‌ఓ నీళ్లు బాగా పనికొస్తాయి. అంతవరకే.

రాత్రంతా రాగి బిందెలో ఉంచిన నీళ్లు మనకు మంచివని చాలా ఇళ్లల్లో నమ్మకం. మన సంగతెలా ఉన్నా, కప్పకు అవి పడవు. రాగి నీటి జీవులకు విషం. నత్తల్నీ నాచునూ చంపడానికి అమ్మే మందులు కొన్నింటిలో ఉండేదీ రాగే. కప్ప ట్యాంకు నీళ్లకు ప్లాస్టిక్ బకెట్ ఒకటి విడిగా పెట్టుకుని, దానికి సబ్బు తగలనివ్వకపోతే చాలు.

ఎండలు ముదిరితే

మరుగుజ్జు కప్పకు 22 నుంచి 26 డిగ్రీల నీళ్లు కావాలి. గోళ్ల కప్ప ఇంకా చల్లదనం కోరుతుంది. ప్రయోగశాలల్లో దాన్ని 18 నుంచి 22 మధ్య ఉంచుతారు. విజయవాడలో మే నెల ట్యాంకు నీళ్లు 30 దాటడం మామూలే. అక్కడ హీటరు గురించి ఆలోచించాల్సిన పనే లేదు, నీళ్లు చల్లబరచడమే సమస్య.

వేడి పెరిగే కొద్దీ అన్నీ ఒకేసారి ఎదురుతిరుగుతాయి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 30 దగ్గర ఏడున్నర మాత్రమే పడుతుంది. అమ్మోనియాలో విషరూపం వాటా పెరుగుతుంది. మేత త్వరగా కుళ్లుతుంది. ఏరోమోనాస్ వంటి బ్యాక్టీరియా చురుకవుతుంది. ఇది ఎప్పుడూ నీళ్లలో ఉండేదే, కప్ప నీరసపడినప్పుడు ఒంట్లో చొరబడుతుంది. తొడల కింద చర్మం ఎర్రబారితే చాలాసార్లు దీని పనే. అప్పుడు కూడా మొదట చెయ్యాల్సింది అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష. యాంటీబయాటిక్ తెచ్చి ట్యాంకులో కుమ్మరిస్తే ఫిల్టర్లోని తోడు కూడా చస్తుంది. జబ్బుతో ఉన్న కప్ప మీద అమ్మోనియా కూడా పడుతుంది.

చల్లబరచడానికి చవకైన మార్గం నీటి మీదుగా వీచేలా చిన్న ఫ్యాను. నీరు ఆవిరయ్యేటప్పుడు మిగిలిన నీటి వేడిని తీసుకుపోతుంది, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఐసు ముక్కలు వెయ్యడం నాకు అంతగా నచ్చదు. గంటలో అయిదారు డిగ్రీలు పడి, మళ్లీ మధ్యాహ్నానికి ఎక్కే హెచ్చుతగ్గులు స్థిరమైన వేడి కన్నా ఎక్కువ బాధిస్తాయి. వేసవిలో గదినీ, నీళ్లనీ చల్లగా ఉంచలేనివాళ్లు గోళ్ల కప్ప జోలికి పోకపోవడమే న్యాయం.

తొట్టి అమరిక

దీని గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. రెండు మూడు మరుగుజ్జు కప్పలకు 40 లీటర్లు, ఒక్కో గోళ్ల కప్పకు కనీసం అంతే. ఎత్తు కన్నా వెడల్పు ముఖ్యం. ఊపిరి కోసం మాటిమాటికీ పైకి రావాల్సిన చిన్న కప్పకు నీళ్లు అడుగు లోతు మించితే కష్టం. మూత తప్పనిసరి. వేలు దూరే సందున్నా మరుగుజ్జు కప్ప బయటికి వస్తుంది, నేల మీద గంటల్లో ఎండిపోతుంది. మేతతో పాటు చిన్న గులకరాళ్లు మింగేస్తాయి కాబట్టి సన్నటి ఇసుకో, తల కన్నా పెద్ద రాళ్లో వెయ్యాలి, మధ్య సైజు వద్దు. దాక్కోవడానికి పగిలిన మట్టి ముంత ఒకటి బోర్లిస్తే సంతోషిస్తాయి.

ఒక్క విషయం మాత్రం ఆగి చెప్పుకోవాలి. గోళ్ల కప్ప ఒంటి మీద వరసగా కుట్లు వేసినట్టు తెల్లటి గీతలుంటాయి. అవి అలంకారం కాదు. నీటిలో కదలికను పసిగట్టే అవయవాలు. చేపలకుండే పార్శ్వరేఖ లాంటివి. చీకట్లో, బురద నీళ్లలో ఒక పురుగు కాలు కదిపినా దాని అలను బట్టి ఏ దిక్కో తెలుసుకుంటుంది. అలాంటి జీవిని ఉధృతంగా నీళ్లు చిమ్మే ఫిల్టర్ ముందు పెడితే దానికి రాత్రింబవళ్లు గోలే. మెల్లగా బుడగలొదిలే స్పాంజ్ ఫిల్టర్ చవకైనదీ, సరైనదీ.

వాడిన నీళ్లు ఎక్కడ పొయ్యాలి?

2009 నుంచి 2011 మధ్య అమెరికాలో 42 రాష్ట్రాల్లో 241 మందికి సాల్మొనెల్లా జబ్బు చేసింది. ఎక్కువమంది చిన్నపిల్లలు. ఆరా తీస్తే మూలం పెంపుడు మరుగుజ్జు కప్పలని తేలింది. వాటిలో చాలావరకు కాలిఫోర్నియాలోని ఒకే పెంపకశాల నుంచి వచ్చాయి. పిల్లల్లో కొందరు కప్పను ముట్టుకోనే లేదు, ట్యాంకు నీళ్లు తగిలాయంతే. అందుకే ట్యాంకును వంటింటి సింకులో కడగకూడదు, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, అయిదేళ్ల లోపు పిల్లల చేతికి అసలు అందనివ్వకూడదు.

నీళ్లను చెరువులోనో కాలువలోనో పోయడం ఇంకా పెద్ద తప్పు. గోళ్ల కప్ప తాను పెద్దగా జబ్బు పడకుండానే కైట్రిడ్ బూజును మోసుకు తిరగగలదు. గర్భ పరీక్షల కాలం ముగిశాక వదిలేసినవీ, తప్పించుకున్నవీ కలిసి కాలిఫోర్నియా, చిలీ, ఫ్రాన్స్, సిసిలీల్లో స్థిరపడిపోయి అక్కడి జీవుల్ని తింటున్నాయి. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు దీన్ని పెంచడమే నిషేధించాయి. మన చెరువుల్లో మన కప్పలకు ఈ చుట్టరికం అక్కర్లేదు. మార్చిన నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ కలిపి, కొంతసేపు ఉంచి డ్రైనేజీలో పోస్తే సరి.

కొనేముందు లెక్క వేసుకోవాల్సింది ఒకటుంది. నాలుగో తరగతి పిల్లవాడి ముచ్చట కోసం కొన్న గోళ్ల కప్ప, వాడు ఇంజనీరింగ్ హాస్టలుకు వెళ్లిపోయే నాటికి కూడా బతికే ఉంటుంది. వారం వారం నీళ్లు మార్చే పని ఇంట్లో ఎవరో ఒకరి మీద పడుతుంది. పెంచలేని రోజు వస్తే తిరిగి తీసుకుంటాడో లేదో దుకాణదారుతో డబ్బులివ్వకముందే మాట్లాడుకోవడం మంచిది. తీసుకోనంటే, తర్వాత ఎవరికి ఇవ్వగలరో ముందే చూసుకుని అప్పుడు కొనాలి.